పది నిమిషాల ఆవిరి

నిజామాబాద్,
15 నవంబర్ 1987

దాసన్నకు,

చెల్లె శారమ్మ యేసు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అవ్వకు చలికి మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి గానీ నోరు మాత్రం బాగానే నడుస్తున్నది. మీ బావకు రెండు దుకాణాల బోర్డులు రాసే పని దొరికింది. చేతులకు రంగు, ముఖానికి నవ్వు అంటించుకుని తిరుగుతున్నాడు.

మీ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు సీజన్ మొదలైందని కండక్టర్ నర్సన్న చెప్పాడు. ఇక మార్చి దాకా నువ్వు బాయిలర్ వదిలి రావు. నేను మేపే ల్యాబ్ ఎలుకలేమో ఆదివారం కూడా తింటాయి. గంట బస్సు దూరంలో ఉండి ఉత్తరాలు రాసుకునే అన్నాచెల్లెళ్లు ఈ జిల్లాలో మనమే అయి ఉంటాం. తన బస్సులో టికెట్ లేకుండా తిరిగేవి మన ఉత్తరాలు ఒక్కటేనని నర్సన్న నవ్వుతున్నాడు.

ఇక అసలు ముచ్చట. మా రీసెర్చ్ సెంటర్ జంతుశాలకు కొత్త ఆటోక్లేవ్ మంజూరైంది. ఎలుకల పెట్టెల్లో పరిచే ఊక, వాటి నీళ్ల సీసాలు, మేం తొడుక్కునే బట్టలు, అన్నిటినీ ఆవిరితో ఉడికించి క్రిములను చంపే మిషన్ అది. ఇప్పుడున్నది నువ్వు చూశావు కదా, పెళ్లిలో పప్పు వండే గంగాళానికి మూత బిగించినట్టు ఉంటుంది. ఇరవై రెండేళ్లది. మూతకున్న ఆరు మరల్లో రెండు నా మాట వినవు. మా పెద్ద సారు డాక్టర్ రాజారాం గారు కొత్తది కావాలని నాలుగేళ్లుగా రాస్తూనే ఉన్నారు. పోయినేడు పది రోజుల్లో మూడు వందల తెల్ల ఎలుకలు చచ్చాక గానీ పైవాళ్లకు వినపడలేదు.

ఇంకొకటి. కొత్త మిషన్ మీద పర్మినెంట్ మనిషే ఉండాలట. పోస్టు ఒక్కటే వచ్చింది. రోజుకూలీ వాళ్లలో నాకంటే ముందున్నది హన్మండ్లు ఒక్కడే, అతన్ని పోయినేడే తీసేశారు. కాబట్టి వరుసలో నేనే. "నీ పేరే పంపుతున్న శారమ్మా" అన్నారు సారు. ఎనిమిదేళ్లు చేశానన్నా. ఒక్కరోజు జ్వరం వచ్చి పడుకుంటే ఆ రోజు నేను లోకంలో లేనట్టే. ఇప్పుడు రెండు గదుల క్వార్టర్ కూడా ఇస్తారట. ఏ గదిలో ఎవరు పడుకోవాలో అవ్వ అప్పుడే చెప్పేసింది.

ప్రార్థనలో నన్ను జ్ఞాపకం చేసుకో.

నీ చెల్లె,
శారమ్మ


బోధన్,
29 నవంబర్ 1987

చెల్లె శారకు,

నీ ఉత్తరం అందింది. నర్సన్న దాన్ని టిఫిన్ డబ్బా కింద పెట్టి తెచ్చాడు, ఒక మూలకు తొక్కు నూనె అంటింది. మిషనరీ స్కూల్లో టీచరమ్మ చెవులు మెలిపెట్టి నేర్పినట్టే పుస్తకాల భాషలో రాస్తున్నాను. మధ్యలో నోటి మాట దూరితే నువ్వే దిద్దుకో.

నీ వార్త విని మీ వదిన కమలమ్మ బెల్లం అన్నం వండింది. బాపు ఉంటే ఎంత మురిసేవాడో. ముప్పై ఏళ్లు బాయిలర్ ముందు నిలబడ్డ మనిషి. ఎక్కడన్నా ఆవిరి బుస్సుమన్నదంటే "గా ఆవిరి ఎవని అయ్య సొమ్మురా, ఉత్తగ పోనిస్తున్నవ్" అని పరుగెత్తుకొచ్చేవాడు.

నీకు గుర్తుందా, ఐదేళ్ల కింద నేను మీ జంతుశాలకు వచ్చిన రోజు? నువ్వు ఆ గంగాళం మీద ఆవిరి పోయే చిన్న కుళాయి, ఆ కాక్ తెరిచిపెట్టి, గడియారం చూస్తూ నిలబడ్డావు. ఆవిరంతా పైకప్పుకు కొడుతున్నది. పది నిమిషాలు అట్లా పోనివ్వాలని కాగితంలో రాసి ఉందన్నావు. నేను నవ్వి, ఆవిరి కనబడగానే కాక్ మూయించాను. ప్రెషర్ చూపే ముల్లు పదిహేను మీదికి ఎంత తొందరగా ఎక్కిందో చూశావు కదా. కిరసనాయిలు మిగిలిందని మీ సారు కూడా నిన్ను మెచ్చుకున్నాడు. ఇప్పుడు నువ్వు పర్మినెంట్ అవుతున్నావంటే అందులో నా వాటా కూడా ఉంది, మరిచిపోకు.

మీ హన్మండ్లు ఇక్కడ తేలాడు. సీజన్ కూలీగా వచ్చి, బాయిలర్‌కు చెరుకు పిప్పి అందించే పనిలో నా కిందనే పడ్డాడు. బాయిలర్ కాడ మాట వినపడదు కాబట్టి మేం పైపు మీద స్పానర్‌తో కొట్టి చెప్పుకుంటామని నీకు తెలుసు. ఒక దెబ్బ నీళ్లకు, రెండు దెబ్బలు పిప్పికి. మూడు కొడితే "చూసిన, ఇగ నువ్వు పో" అని. షిఫ్టు మారేటప్పుడు కొడతాం. మొదటి రోజు ఆయన మూడు దెబ్బలు విని, ఇంటికి పోకుండా ఇంకో మూడు తట్టల పిప్పి మోసుకొచ్చాడు. ఇప్పుడు బాగా నేర్చుకున్నాడు. నెమ్మదైన మనిషి. నీ పేరు చెప్తే "శారమ్మక్క మంచిగ పని చేస్తది" అన్నాడు, తట్ట ఎత్తుకుని పోయాడు. అతన్ని ఎందుకు తీసేశారు?

నీ అన్న,
దాసు


నిజామాబాద్,
20 డిసెంబర్ 1987

దాసన్నకు,

మిషన్ వచ్చింది. లారీ గేటులో పట్టక గేటు స్తంభం ఒకటి తీయవలసి వచ్చింది. పన్నెండు మంది దుంగల మీద దొర్లించి లోపలికి చేర్చారు. పడుకోబెట్టిన పీపాలాగ ఉంది, రెండు వైపులా తలుపులున్నాయి. గోడను పగలగొట్టి, ఆ గోడలోనే దాన్ని కూర్చోబెట్టారు. ఇటు తలుపులోంచి మురికి ఊక నేను పెట్టాలి. ఉడికిన తర్వాత అటు గదిలో ఉన్న మనిషి అటు తలుపు తీసి తీసుకోవాలి. రెండు తలుపులు ఒక్కసారి తెరుచుకోవు. ఇటు గాలి అటు పోకూడదని. వేడి ఎంత ఎక్కిందో, ఎంతసేపు నిలిచిందో అదే ఒక కాగితం మీద గీత గీసి ఇస్తుందట. మీ బావ వచ్చి ఇటు గోడ మీద "మురికి వైపు", అటు గోడ మీద "శుభ్రమైన వైపు" అని రాశాడు. మురికి అన్న మాటకే అందమైన అక్షరాలు కుదిరాయని అవ్వ అన్నది.

హన్మండ్లు సంగతి అడిగావు. ఊక తెచ్చేది అతనే, మాక్లూర్ రైస్ మిల్లు నుంచి. ఎలుకలు చచ్చినప్పుడు పెద్ద విచారణ జరిగింది. మిల్లులో అడవి ఎలుకలు తిరిగిన ఊక చూసుకోకుండా తెచ్చాడని, రోగం దాంట్లోనే వచ్చిందని రాశారు. తొమ్మిదేళ్ల పని ఒక్క కాగితంతో పోయింది. వెళ్లే రోజు తలుపు దగ్గర నిలబడి నా వైపు చూశాడు. నేను సీసాలు కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

అతనికి నా వందనాలు చెప్పు. వద్దులే, చెప్పకు.

క్రిస్మస్ శుభాకాంక్షలు. వదినకు, పిల్లలకు కూడా.

శారమ్మ


బోధన్,
4 జనవరి 1988

చెల్లె శారకు,

క్రిస్మస్ ఆరాధన సగంలో లేచి షిఫ్టుకు పోయాను. పాస్టరు గారు నా వైపు చూసిన చూపులో ఉన్నంత వేడి బాయిలర్‌లో కూడా ఉండదు. కొత్త అంగీకి అప్పుడే మసి అంటింది, మీ వదిన రెండు రోజులు సాధించింది.

హన్మండ్లుకు వందనాలు చెప్పమని ఒక ముక్క రాసి, వద్దని ఇంకో ముక్క రాశావు. ఏం చెల్లె, మొహమాటమా? నేను చెప్పాను. "అక్క మంచిగున్నదా" అని అడిగాడు, అంతే. రోజూ జొన్నరొట్టె తెచ్చుకుంటాడు, సగం విరిచి నాకు పెడతాడు. వద్దంటే వినడు.

పసుపు ఉడకబెట్టే కాలం వస్తున్నది కదా, మీ ఊరు ఏర్గట్లకు పోవా అని అడిగాను. ఆ ఊరివాళ్లకు ఇప్పుడు చేతినిండా పనే కదా. చేతిలోని రొట్టె కింద పెట్టాడు. తర్వాత అన్నాడు: "పోయినేటి సంది నన్ను పిలుస్తలేరన్నా. ఎలుకల రోగం మోసుకొచ్చినోడు కడాయి కాడికి రావద్దన్నరు. మా పెద్దనాయిన కొడుకే అన్నడు. గందుకే గిటు వచ్చిన."

సలసల కాగే కడాయిలో ఏ రోగం బతుకుతుంది శారా? వాళ్ల తెలివికి నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆ నవ్వు మింగేశాను. తొమ్మిదేళ్లు చేసిన మనిషిని ఒక్క మాటతో పంపించారంటే మీ సార్లు కూడా సార్లేనా?

దాసు


నిజామాబాద్,
27 జనవరి 1988

దాసన్నకు,

మిషన్ బిగించడానికి పూనా నుంచి ఇంజనీరు వచ్చాడు. పేరు రామ్‌దాస్. మరాఠీ మనిషి, మూడో తెలుగు మాటకే ఆగిపోతాడు, తర్వాత చేతులతో చెబుతాడు. అవ్వ పంపిన పచ్చిపులుసు తిని చెమటలు కక్కాడు గానీ రెండోసారి కూడా అడిగాడు.

నిన్న ఒక పరీక్ష చేశాడు. కొత్త మిషన్ ఎంత మేలో కాగితం మీద చూపించాలంటే పాతదాన్ని కూడా ఒకసారి నడిపి చూడాలట. "రోజు లెక్క చెయ్యమ్మా" అని గంగాళం వైపు చేయి చూపాడు. ఊక మూట నడుమ ఒక థర్మామీటర్ పెట్టాడు, ఎంత వేడి ఎక్కితే అక్కడే ఆగిపోయే రకం. దాని పక్కన ఒక కాగితపు పట్టీ పెట్టాడు. తొందరగా చావని క్రిములు దాని మీద ఉంటాయట. నేను రోజూ చేసినట్టే చేశాను. ముల్లు పదిహేను మీద ఇరవై నిమిషాలు నిలిచింది. మూత తీసి చూస్తే థర్మామీటర్ నూట తొమ్మిది దగ్గర ఆగి ఉంది. నూట ఇరవై ఒకటి ఉండాలట. పట్టీని మందు నీళ్ల గొట్టంలో వేశాడు. క్రిములు చస్తే నీళ్లు ఊదాగానే ఉంటాయి, బతికితే పసుపు పచ్చగా మారతాయి. రెండు రోజులు ఆగాలి.

అన్నా, ఒక్క మాట అడుగుతాను. ఆవిరి కనబడగానే కాక్ మూయమని నువ్వు చెప్పింది మీ బాయిలర్ సంగతా, ఈ గంగాళానికి కూడా అదే లెక్కా? బాగా ఆలోచించి రాయి.

శారమ్మ


బోధన్,
3 ఫిబ్రవరి 1988

శారకు,

ఇరవై ఏళ్లుగా ఆవిరితో బతుకుతున్న మనిషిని అడగవలసిన ప్రశ్నేనా అది? ముల్లు పదిహేను అంటే పదిహేనే. బోధన్‌లో అయినా, పూనాలో అయినా. ఆ ఇంజనీరు మిషన్లు అమ్మే మనిషి. కొత్తది గొప్పదనాలంటే పాతదాన్ని తిట్టాలి కదా. థర్మామీటర్ అతనిదే, లెక్కా అతనిదే.

పని ఎక్కువగా ఉంది. మళ్లీ రాస్తాను.

దాసు


నిజామాబాద్,
8 ఫిబ్రవరి 1988

అన్నకు,

గొట్టంలో నీళ్లు పసుపు పచ్చగా మారాయి.

రామ్‌దాస్ నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ముల్లు చూపేది గాలి, ఆవిరి రెండూ కలిసి నెట్టే బలం. క్రిమిని చంపేది వేడి. లోపల గాలి మిగిలిపోతే ముల్లు పదిహేను చూపిస్తుంది గానీ వేడి ఎక్కదు. ఊక మూటలోనైతే గాలి ఇంకా గట్టిగా దాక్కుంటుంది. పది నిమిషాలు కాక్ తెరిచిపెట్టమన్నది, ఆవిరి ముందు నడిచే గాలి అంతా బయటికి పోవడానికి. మనం ఆవిరి దాచామనుకున్నాం, దాచింది గాలినన్నా. మళ్లీ పాతదాన్నే పది నిమిషాలు తెరిచిపెట్టి నడిపించాడు. థర్మామీటర్ నూట ఇరవై ఒకటికి ఎక్కింది. గొట్టంలో నీళ్లు ఊదాగానే ఉన్నాయి. ఇరవై రెండేళ్ల గంగాళానికి ఏ రోగమూ లేదు.

ఐదేళ్ల రిజిస్టర్లు తీసి ముందేసుకున్నాను. "కాక్ తెరిచి ఉంచిన సమయం" అని అందులో ఒక గడి ఉంది. ప్రతిరోజూ "పది నిమిషాలు" అని నా చేతిరాత. ఒక్కరోజు కూడా పది కాదు. రెండు కూడా కాదు. కాక్ మూయమన్నది నువ్వే. పది అని రాయమని నువ్వు చెప్పలేదు. అది నేనే రాశాను, గడి ఖాళీగా ఉంటే అడుగుతారని.

నాలుగేళ్లు ఏమీ కాలేదంటే ఊకలో ఆ చెడ్డ క్రిమి రాలేదు కాబట్టి. గింజలాగ ముడుచుకుని బతికే క్రిమి అని సారు అప్పట్లో చెప్పారు. అది వచ్చిన రోజు ఆపవలసింది మిషన్. హన్మండ్లు ఎట్లాంటి ఊక తెచ్చినా, నా చేతిలోంచి దాటేటప్పటికి అది శుభ్రంగా ఉండాలి. దాని కోసమే కదా నన్ను అక్కడ నిలబెట్టింది. అతను తప్పు చేయలేదు. నేను చేశాను.

ఈ సంగతి నాకూ రామ్‌దాస్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. సారు ఆ వారమంతా హైదరాబాద్‌లో ఉన్నారు. "పాత మిషన్ తుక్కు" అని, వదిలేయమన్నట్టు చేయి ఊపి రామ్‌దాస్ మొన్న బండి ఎక్కాడు. నా పేరు మీద ఆర్డర్ వచ్చే నెల వస్తుందని ఆఫీసులో అంటున్నారు. నేను నోరు తెరిస్తే అది రాదు. తెరవకపోతే అతనికి ఏర్గట్లలో కడాయి దగ్గర చోటు లేదు. రాత్రి అన్నం కలుపుకుని కూర్చుంటే అవ్వ క్వార్టర్‌కు పరదాలు ఏ రంగువి కొనాలని అడిగింది. నాకు ఏడుపొచ్చింది, కారం అని చెప్పాను.

ఏం చేయాలో రాయి.

శారమ్మ


బోధన్,
15 ఫిబ్రవరి 1988

శారా,

గీ ఉత్తరం పుస్తకాల భాషల రాయ చాతనైతలేదు. నోటికి వచ్చినట్టె రాస్తున్న.

నీ ఉత్తరం సదివి పాన్ల కాడికి పోయిన. పాన్ అంటె చెరుకు రసం చక్కెర అయ్యేదాక ఉడికే పెద్ద పాత్ర, నీకు ఎరికె. దానికి కొత్తగ ఆవిరి ఇచ్చినప్పుడు పక్కన చిన్న కాక్ తెరిచి గాలి పోగొట్టాలె. పోగొట్టకపోతె ముల్లు మంచిగనె చూపిస్తది, పాన్ మాత్రం సగం సల్లగనె ఉంటది. గిది నాకు ఇర్వై ఏండ్ల సంది ఎరికె శారా. గా కాక్ నేను చేతులార తెరిచిన. ఎరికుండి నీ గంగాళం కాడ యాదికి రాలె. ఎందుకు రాలె అంటె, నువ్వు కాయితం చూసి పని చేస్తున్నవు, నాకు బాపు లెక్క నీకు నేర్పాలనిపించింది. గంతే. గంతకు మించి ఏం లేదు. పోయిన ఉత్తరంల ఇంజనీరును తిట్టిన గదా, అప్పటికే నాకు అనుమానం తాకింది. తిడితె పోతదనుకున్న.

తప్పు నాది. అయినా చెప్తున్న, నువ్వు ఎవ్వలకు చెప్పకు. ఎనిమిదేండ్లు సచ్చి చేసినవు. బావ పని ఒకనాడు ఉంటది, ఒకనాడు ఉండదు. పాత మిషన్ తుక్కుల పోతది, దాంతోనె గీ ముచ్చట పోనీ. హన్మండ్లును నేను చూసుకుంట. వచ్చే సీజన్ల గూడ పని ఇప్పిస్త, తర్వాత గూడ ఇప్పిస్త.

వాడు రోజు సగం రొట్టె పెడ్తనే ఉన్నడు. నీ ఉత్తరం వచ్చిన కాంచి నాకు ఆకలైతలేదని చెప్తున్న. "ఏమైందన్నా, పానం మంచిగ లేదా" అని రోజు అడుగుతున్నడు.

సదివినంక దీన్ని చింపెయ్.

దాసు


నిజామాబాద్,
28 ఫిబ్రవరి 1988

దాసన్నకు,

నువ్వు చింపమన్న ఉత్తరం చింపలేదు. నువ్వు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. చెప్పకు అని ఒక పేజీ రాశావు, నీకు అన్నం సహించడం లేదని మూడు వాక్యాలు రాశావు. నేను ఆ మూడు వాక్యాలనే విన్నాను.

బుధవారం సారు గదిలోకి పోయి మొత్తం చెప్పాను. కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. ఆయన రిజిస్టర్లు తెప్పించుకుని పేజీలు తిప్పారు. నన్ను తిడతారని చూస్తున్నాను. ఆయన మాత్రం ప్రతి శనివారం కింద ఉన్న తన సంతకాలు చూసుకుంటున్నారు. "గివన్నీ నేను చూడకుండ పెట్టినయే గదా" అన్నారు. రిజిస్టర్ మూసి, "నీ పేరు పంపిన ఫైల్ వాపస్ తెప్పియ్యాలె. తెలుసు గదా?" అన్నారు. తెలుసు సార్ అన్నాను. "మళ్ల నన్ను ఏమన్నా అనుకోకు." అనుకోను అన్నాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ కాగితంలో నీ పేరు రాయలేదు. కాక్ మీద చెయ్యి నాదే కదా.

మీ బావ విని, "బోర్డు మీద తప్పు రాస్తే నేను గీకి మళ్లీ రాస్తాను, నువ్వూ అంతే" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న కోపాలన్నీ పోయాయి. అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చాయ్ ఇస్తూ "ఆ క్వార్టర్లల్ల దోమలు ఎక్కువుంటయట లే" అన్నది.

హన్మండ్లుకు నేనే వచ్చి చెప్పాలి. కానీ ఎలుకల దగ్గర మనిషి లేరు, సెలవు దొరకడం లేదు. నా బదులు నువ్వు చెప్పు. మెత్తగా చెప్పకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

శారమ్మ


బోధన్,
27 మార్చి 1988

చెల్లె శారకు,

చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. రోజూ రేపు చెబుదాం అనుకున్నాను. చివరికి అన్నం గంటలో, ఆయన రొట్టె విరవక ముందే చెప్పేశాను. నువ్వు చేసిందీ, నీకు నేర్పిన నేను చేసిందీ.

ఆయన రొట్టె మళ్లీ బట్టలో చుట్టాడు. "గీ ముచ్చట అప్పుడే ఎందుకు చెప్పలె?" అన్నాడు. అప్పుడు మాకు కూడా తెలియదన్నాను.

"నాకు ఎరికె అన్నా" అన్నాడు. "నేను ఊకను జల్లెడ వట్టి, రెండు దినాలు ఎండల ఆరవోసి తెస్తుంటి. నా తాన తప్పు లేదని నాకు అప్పుడే ఎరికె. ఎట్ల తెస్తవురా అని ఒక్కలన్న అడిగిండ్రా? అక్క గూడ అడగలె."

ఆయన లేచి పిప్పి కుప్ప అవతలికి పోయి కూర్చుని తిన్నాడు. ఆఖరి రోజు దాకా అక్కడే తిన్నాడు. పనిలో ఏ లోటూ లేదు, పిలిస్తే పలికేవాడు. నాకు మాత్రం ఇంత పెద్ద బాయిలర్ హౌసులో కూర్చునే చోటు దొరకలేదు.

నిన్నటితో సీజన్ అయిపోయింది. ఆఖరి షిఫ్టు దిగేటప్పుడు ప్రతివాడూ పైపు మీద మూడు దెబ్బలు కొట్టి పోవడం బాపు కాలం నుంచీ ఉన్నదే. అందరూ కొట్టారు. ఆయన వంతు వచ్చినప్పుడు స్పానర్ చేతిలోకి తీసుకున్నాడు, నా ముఖం చూశాడు, మళ్లీ బల్ల మీద పెట్టి పోయాడు.

మీ సారుకు నేను ఒక కార్డు రాసి వేశాను. ఆవిరి పోనివ్వకుండా కాక్ మూయించింది బోధన్ బాయిలర్ మనిషి దాసు అని, చెల్లెకు తెలియదు గానీ అతనికి తెలిసి ఉండవలసిందని. కోపం తెచ్చుకోకు. కాక్ మీద చెయ్యి నీదే, ఆ చేతిని పట్టి తిప్పింది నేనే.

దాసు


నిజామాబాద్,
22 మే 1988

దాసన్నకు,

ఈస్టర్‌కు నువ్వు వచ్చినప్పటికి ఏమీ తేలలేదు. ఇప్పుడు తేలింది. విచారణ కాగితం రద్దు చేశారు. హన్మండ్లును పాత సర్వీసుతో సహా వెనక్కి పిలిచారు. వరుసలో అతనే ముందు కాబట్టి ఆ పర్మినెంట్ పోస్టు అతనికే ఇచ్చారు. నన్ను తీసేయలేదు, రోజుకూలీగానే ఉంచారు. ఇంకో పోస్టు వస్తే చూద్దాం అన్నారు సారు. ఎప్పుడు వస్తుందో ఆయనకూ తెలియదు. క్వార్టర్‌లోకి అతని పెళ్లాం పిల్లలు ఏర్గట్ల నుంచి వచ్చారు. దోమలు నిజంగానే ఎక్కువట. అవ్వ పోయి, వేపాకు పొగ ఎట్లా వేయాలో వాళ్లకు చెప్పి వచ్చింది. నాకు బాధ లేదని రాస్తే నువ్వు నమ్మవు. ఆ రెండు గదుల ముందు నుంచి నడిచినప్పుడల్లా ఉంది. నడుస్తున్నాను.

కొత్త మిషన్ రెండో తారీఖున మొదలైంది. నేను మురికి వైపు, అతను శుభ్రమైన వైపు. నడుమ గోడ, గోడలో మిషన్. గాలి దానంతట అదే తోసేస్తుంది, కాక్ ముట్టే పనే లేదు. అయినా మొదటి పది నిమిషాలు నేను గడియారం చూస్తూ నిలబడుతున్నాను. ఎవరన్నా చూస్తే నవ్వుతారు, నవ్వనీ.

మొదటి రోజు అతని ముందుకు పోయి, తప్పు నాదే, తీసేసిన రోజు నిన్ను ఒక్క మాట కూడా అడగలేదు అన్నాను. విన్నాడు. "పని సూసుకుందాం అక్కా" అన్నాడు. అంతే. తర్వాత పలకరిస్తే ఆఁ అంటాడు, లేదంటే లేదు. గీత గీసిన కాగితం అతని వైపే వస్తుంది. గీత నూట ఇరవై ఒకటి దాటిందా, ఎంతసేపు నిలిచింది అని వేలు పెట్టి చూసుకుని, సంతకం చేసి, ఆ తర్వాతే తలుపు తీస్తాడని సారు చెప్పారు. నాకు కనబడదు. అతని తలుపు మూసుకున్నాక నా వైపు పచ్చ దీపం వెలుగుతుంది. ఇరవై రోజులు ఆ దీపం చూసే పని చేశాను.

నిన్న మధ్యాహ్నం ఆఖరి మూట అటు చేరింది. నేను దీపం వైపు చూస్తున్నాను. గోడలోంచి వచ్చే పైపు మీద చప్పుడైంది. మిషన్‌లో ఏదో సడలిందనుకుని దగ్గరికి పోయాను. ఇంకో దెబ్బ, ఇంకొకటి. మూడు. నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి, బాపు కొట్టినట్టే.

నన్ను క్షమించాడని రాయను, అది నాకు తెలియదు. చూశాడని మాత్రం తెలుసు. పచ్చ దీపం వెలిగి ఎంతసేపైందో నేను గమనించలేదు. చేతులు తుడుచుకుని, రేపటి ఊక మూటలు కట్టుకున్నాను.

వచ్చే ఆదివారం రా. ఆ రోజు మా ఇద్దరికీ డ్యూటీ. జొన్నరొట్టెలు నేను చేసి ఉంచుతాను. శుభ్రమైన వైపు తలుపు బయట వేపచెట్టు కింద అతను అన్నం తింటాడు. నువ్వే తీసుకుపోయి సగం విరిచి పెట్టు.

నీ చెల్లె,
శారమ్మ